క్లబ్ కారుకి కొత్త బ్యాటరీలు: సీసమా, లిథియమా? (48 వోల్టుల బండి, 8 వోల్టులవి ఆరు)

కెడ్రాన్ గట్టు · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేముండేది జార్జియాలో పీచ్‌ట్రీ సిటీ. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: అట్లాంటా ఎయిర్‌పోర్టుకి దక్షిణాన ఉంటుంది, ఊరంతా గోల్ఫ్ కార్టులు తిరగడానికి వేరే దారులు వేశారు, వంద మైళ్ళకి పైనే. పాల డబ్బాకీ కార్టే, లైబ్రరీకీ కార్టే. హైస్కూలు పిల్లలు కూడా కార్టులేసుకుని బడికి పోతారు. గోల్ఫ్ మాత్రం నేను జన్మలో ఆడలేదు.

మాది క్లబ్ కార్ కంపెనీ 2009 గోల్ఫ్ కార్టు, ప్రెసెడెంట్ మోడల్ (ప్రెసిడెంట్ కాదు, చాలామంది అలాగే అంటారు). మూడేళ్ళ క్రితం పక్కింటాయన దగ్గర కొన్నాను. సీటు కింద 8 వోల్టుల బ్యాటరీలు ఆరు. రాత్రంతా చార్జింగు పెట్టినా ఈమధ్య బండి నీరసపడిపోతోంది. అమ్మాయి బడికి మూడున్నర మైళ్ళు. పొద్దున బాగానే పోతుంది, సాయంత్రం వచ్చేటప్పుడు వంతెన ఎత్తు దగ్గర నడిచేవాళ్ళు దాన్ని దాటేస్తున్నారట.

షాపులో అడిగితే మామూలు నీళ్ళ బ్యాటరీలు ఆరింటికి బిగింపుతో సహా 1,180 డాలర్లన్నారు. లిథియం 105 ఆంపియర్ అవర్లది (ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇస్తుందన్న కొలత) చార్జరుతో కలిపి 2,150, బిగింపు వేరే. ఏది తీసుకోమంటారు?

---

లిథియం రాజు · రాత్రి 9:52

అన్నా, ఇందులో అడిగేదేముంది? లిథియం పెట్టు, పదేండ్లు మరిచిపో. నేను టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంట. నా బండికి నాలుగేండ్ల కింద పెట్టిన, ఇప్పటిదాకా సీటు ఎత్తలే. నీళ్ళు లేవు, యాసిడ్ లేదు, తుప్పు లేదు. బరువు చూడు: ఎనిమిది వోల్టులది ఒక్కోటి 29 కిలోలు, ఆరు కలిస్తే 170 పైన. లిథియం డబ్బా మొత్తం కలిపి 50 కిలోలు కూడా ఉండదు. బండిలోంచి ఇద్దరు మనుషులు దిగిపోయినట్టే.

---

ఆటోనగర్ చిన్నా · ఆదివారం ఉదయం 7:15

బెజవాడ నుంచి. మా దగ్గర ఈ-రిక్షాలు అన్నీ 48 వోల్టులే అన్నయ్యా, 12 వోల్టులవి నాలుగు. మీకూ అలా నాలుగు వేసుకుంటే చవగ్గా పోదా? ఆరెందుకు?

---

కొత్తగా చేరా · ఉదయం 7:31

నాదొక పిచ్చి ప్రశ్న. నాలుగు కారు బ్యాటరీలు కొనేసి కలిపేస్తే 48 వోల్టులు వస్తాయి కదా? సూపర్‌మార్కెట్లోనే దొరుకుతాయి.

---

హైడ్రోమీటర్ తాతయ్య · ఉదయం 8:05

పిచ్చి ప్రశ్నేమీ కాదు నాయనా. వోల్టులు వస్తాయి, బండీ కదులుతుంది. రెండు మూడు నెలల్లో నాలుగూ చస్తాయి.

కారు బ్యాటరీకి ఉన్న పని ఇంజనుని ఒక్క తోపు తోసి తప్పుకోవడం. ఆ ఒక్క క్షణంలో బోలెడు కరెంటు ఇవ్వాలి కాబట్టి లోపల పలచటి ప్లేట్లు ఎక్కువ పెడతారు. ఆ వెంటనే ఆల్టర్నేటరు దాన్ని మళ్ళీ నింపేస్తుంది. కార్టు బ్యాటరీది బండెద్దు పని. గంటల తరబడి లాగాలి, సగం దాకా ఖాళీ అవ్వాలి, మళ్ళీ నిండాలి. అందుకే దాని ప్లేట్లు మందం. పలచటి ప్లేట్లని రోజూ సగానికి పీల్చేస్తే వాటికి పూసిన మందు రాలి అడుక్కి చేరుతుంది.

ఇక నేనెవరినంటే, రైలు పెట్టెల బ్యాటరీల మీద 31 ఏళ్ళు పనిచేసినవాణ్ణి. ఏసీ లేని పెట్టె కింద రెండు వోల్టుల సెల్లులు 56 ఉండేవి, 110 వోల్టుల లైను. ఒక్కో సెల్లుకీ గ్రావిటీ (లోపలి యాసిడ్ చిక్కదనం) చూసి చాక్‌పీసుతో రాసేవాళ్ళం. ఇప్పుడు ఉండేది సికింద్రాబాదు, చేసేది మనవడి స్కూటీ బ్యాటరీకి కాపలా.

కెడ్రాన్ గారూ, ఏది కొనాలో తర్వాత చూద్దాం. ఉన్నవి ఎందుకు చచ్చాయో చూశారా? ఒక్కోదాని వోల్టేజీ ఎంత? లోపల నీళ్ళున్నాయా? ఎప్పటివి?

---

లిథియం రాజు · ఉదయం 8:20

తాతయ్యా, చచ్చినదానికి పోస్టుమార్టం ఎందుకు, కొత్తది కొంటుంటే?

---

హైడ్రోమీటర్ తాతయ్య · ఉదయం 8:26

చంపింది ఇంకా బండిలోనే ఉంటే కొత్తదాన్నీ చంపుతుంది కాబట్టి.

---

అగస్టా కోడలు · ఉదయం 10:48

తాతయ్య గారితో నూటికి నూరు పాళ్ళు. మేముండేది అగస్టా పక్కన ఎవాన్స్. ఈ-జెడ్-గో అనే కార్టుల కంపెనీ పుట్టిందీ అగస్టాలోనే, క్లబ్ కార్ ఫ్యాక్టరీ మా ఇంటికి కూతవేటు. మా మావగారు ఏటా వేసవిలో వస్తారు, ఆయన కాలక్షేపం వీధిలో అందరి కార్టులకీ వైద్యం. ఆయన వెనక మీటరు పట్టుకుని తిరిగి తిరిగి నాకూ వచ్చేసింది.

కెడ్రాన్ గారూ, చిన్నా గారి ప్రశ్నకి ముందు జవాబు: నాలుగు పన్నెండులు వేయొచ్చు, కొన్ని బళ్ళకి కంపెనీవాళ్ళే అలా ఇస్తారు. కానీ ట్రోజన్ టీ-875 అనే ఎనిమిది వోల్టులది 170 ఆంపియర్ అవర్లు, అదే కంపెనీ పన్నెండుది, టీ-1275, 150. ఆరు ఎనిమిదులంటే 8,160 వాట్ అవర్లు, నాలుగు పన్నెండులంటే 7,200. మీ బండికి తొట్లు, తీగలు ఆరింటికి సరిపడా ఉన్నాయి. ఉన్నదాన్ని మార్చడం దేనికి?

ఇప్పుడు మీరు చేయాల్సింది. రాత్రి పూర్తిగా చార్జి అయ్యాక ప్లగ్గు తీసేసి ఆరేడు గంటలు ముట్టుకోకండి. తర్వాత ఒక్కో బ్యాటరీ విడిగా కొలవండి. నిండిన 8 వోల్టులది 8.5కి దగ్గరగా చూపించాలి. ఆ తర్వాత అసలు పరీక్ష: మీటరు తీగలకి మొసలి క్లిప్పులు పెట్టి ఒక బ్యాటరీకి తగిలించండి. క్లిప్పులు పక్కదానికి తగలకుండా టేపు చుట్టండి. సీటు దించేసి మీటరు ఒళ్ళో పెట్టుకుని ఎత్తు ఎక్కండి. అలా ఆరుసార్లు. ఊరికే నిలబెట్టి కొలిస్తే చచ్చిన బ్యాటరీ కూడా పెద్దమనిషిలా కూర్చుంటుంది, బరువు మోస్తేగాని బండారం బయటపడదు.

---

మోడరేటర్ · మధ్యాహ్నం 12:10

బ్యాటరీ అమ్మకాల ప్రకటనలు రెండు తీసేశాను. చర్చ బాగుంది, ఇలాగే సాగనివ్వండి.

---

కెడ్రాన్ గట్టు · సోమవారం రాత్రి 8:30

తాతయ్య గారూ, కోడలు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. మెకానిక్కు కాని మనిషికి ఇది పెద్ద వ్రతమే.

టెర్మినల్ మీద అక్షరం, అంకె ఉన్నాయి: హెచ్, 9. అంటే?

నిలబెట్టి కొలిచినవి, ముందునుంచి వరసగా: 8.42, 8.40, 8.21, 8.03, 8.39, 8.38. మొత్తం 49.83.

ఎత్తు ఎక్కుతుంటే: 7.8, 7.7, 7.1, 5.9, 7.7, 7.7.

మూతలు తీశాను. నాలుగో దాంట్లో ప్లేట్లు గాలికి తేలి ఉన్నాయి. మూడో దాంట్లో నీళ్ళు ప్లేట్ల అంచు దాకా ఉన్నాయి. మిగతావాటిలో పర్లేదు. నిజం చెప్పాలంటే ఈ మూడేళ్ళలో నేను నీళ్ళు పోసింది రెండుసార్లు.

---

అగస్టా కోడలు · రాత్రి 8:41

హెచ్ అంటే ఎనిమిదో అక్షరం, ఆగస్టు. 9 అంటే సంవత్సరంలో చివరి అంకె. 2019 ఆగస్టు. మీరు కొనేనాటికే అవి మూడేళ్ళవి.

నాలుగోదాంట్లో ఒక సెల్లు పోయింది. 8 వోల్టుల బ్యాటరీలో రెండేసి వోల్టుల సెల్లులు నాలుగు. బరువు మీద మిగతావి 7.7 ఉంటే ఇది 5.9, దాదాపు ఒక సెల్లు తేడా.

కానీ నాకు అర్థంకానిది ఒకటి. మూడు, నాలుగు రెండూ ఎందుకు పడ్డాయి? పక్కపక్కనే ఉన్నవి రెండే పాడయ్యాయంటే నాకు అనుమానం. ఆ రెండింటి మీద సన్న తీగలేమైనా కట్టి ఉన్నాయా?

---

హైడ్రోమీటర్ తాతయ్య · రాత్రి 8:44

అమ్మాయి అడిగిందే నేనూ అడగబోతున్నాను.

---

కెడ్రాన్ గట్టు · రాత్రి 9:20

ఉన్నాయి. ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ. మూడోదాని ప్లస్సు నుంచి, నాలుగోదాని మైనస్ నుంచి. వెంటబడి చూస్తే కప్పు చుట్టూ రంగురంగుల లైటు పట్టీకి, ఫోను చార్జింగు సాకెట్టుకి పోతున్నాయి. అమ్మాయిని అడిగాను. పోయిన దీపావళికి వాళ్ళ స్నేహితురాలి అన్నయ్య బిగించాడట. "డాడీ, రెండు ఎనిమిదులు పదహారు, లైటు మీద పన్నెండు నుంచి ఇరవై నాలుగు అని రాసుంది, లెక్క కరెక్టే" అంది.

---

అగస్టా కోడలు · రాత్రి 9:27

లెక్క కరెక్టే, అదే గొడవ 🙂

మోటారుకి ఆరూ సమానంగా ఇస్తాయి. లైట్లకి మాత్రం ఆ రెండే ఇస్తున్నాయి. చార్జరుకి ఈ సంగతి తెలియదు, అది ఆరింటినీ ఒకే గొలుసుగా చూస్తుంది. మొత్తం వోల్టేజీ అందగానే ఆపేస్తుంది. అంటే మూడు, నాలుగు రోజూ కొంచెం ఆకలితో లేస్తున్నాయి, మిగతా నాలుగు కొంచెం ఎక్కువ తింటున్నాయి. ఏడాది గడిస్తే ఇదిగో ఇలా.

48 నుంచి 12కి దించే కన్వర్టరు దొరుకుతుంది, రెడ్యూసరు అంటారు. దాని ఒక కొస మొదటి బ్యాటరీ ప్లస్సుకి, ఇంకో కొస ఆఖరిదాని మైనస్‌కి కట్టాలి. అప్పుడు లైట్ల బరువు ఆరూ పంచుకుంటాయి. కొత్తవి ఏవి కొన్నా సరే, ఆ ఎర్ర తీగ ముందు పీకేయండి.

---

ఆటోనగర్ చిన్నా · మంగళవారం ఉదయం 6:50

అమ్మో, మా ఈ-రిక్షా వాళ్ళందరూ చేసేది ఇదే. హారనుకీ, పాటల డబ్బాకీ చివరి బ్యాటరీ మీంచి లాగుతారు. ఏడాది తిరక్కుండా ఆ ఒక్కటే పోయిందని నా కొట్టు ముందు గొడవ. ఇన్నాళ్ళూ కంపెనీనే తిట్టుకున్నాను.

మరి అన్నయ్యా, నాలుగోది ఒక్కటే మారిస్తే సరిపోదూ? మేమిక్కడ అలాగే చేస్తాం.

---

హైడ్రోమీటర్ తాతయ్య · ఉదయం 7:40

చేస్తారు, ఆర్నెల్లకి ఇంకొకటి మారుస్తారు, కొట్టువాడికి పండగ. (నిన్ను కాదు చిన్నా.)

ఆరేళ్ళ ముసలివాళ్ళ మధ్య కొత్త పెళ్ళికొడుకుని కూర్చోబెట్టినట్టు. పాతవి ముందే ఖాళీ అవుతాయి, కొత్తది ఇంకా నిండుగా ఉంటుంది. చార్జింగులో ముందు నిండేది కొత్తదే, మిగతావి నిండేదాకా అది ఉడుకుతుంది. ఏడాది లోపు బ్యాటరీ ఒక్కటి పోతే కొత్తది వేయడం న్యాయం. ఆరేళ్ళ సెట్టుకి కాదు.

కెడ్రాన్ గారూ, పది డాలర్లు పెట్టి హైడ్రోమీటరు ఒకటి కొని, 24 సెల్లులకీ గ్రావిటీ చూడండి. అన్నిటికంటే ముందు, ప్లేట్లు బయటికి తేలిన సెల్లులో అవి మునిగేదాకా మాత్రమే డిస్టిల్డ్ వాటర్ పోసి చార్జి పెట్టండి. పూర్తిగా నింపేది చార్జి అయ్యాకే. ముందే నింపితే చార్జింగులో పొంగి యాసిడ్ అంతా తొట్లోకి పోతుంది. చేతికి ఉంగరం, మెడలో గొలుసు ఉంటే తీసేయండి. నాకు ఎడమ చేతి ఉంగరపు వేలి మీద 1988 నుంచి ఒక తెల్లటి మచ్చ ఉంది. స్పానరుకీ టెర్మినలుకీ మధ్య నా పెళ్ళి ఉంగరం ఇరుక్కుంది. మా ఆవిడ ఇప్పటికీ వేలి సంగతి అడగదు, ఉంగరం సంగతే అడుగుతుంది.

---

లిథియం రాజు · ఉదయం 8:02

ఇంత తిప్పలు పడేది నీళ్ళ బ్యాటరీ కోసమేనా? మూత తీయాలె, నీళ్ళు పోయాలె, ఉంగరం తీయాలె. లిథియంలో ఇవేమీ లేవు. పైగా నీళ్ళదాన్ని సగానికి మించి వాడొద్దు, లిథియం 80, 90 శాతం వాడుకోవచ్చు. సీసందానికి ఐదారేండ్లు, దీనికి రెండు మూడు వేల సార్లు నింపి ఖాళీ చేసినా ఢోకా లేదు. లెక్క నువ్వే కట్టు.

---

కెడ్రాన్ గట్టు · మధ్యాహ్నం 1:15

లెక్క కడదాం. కోడలు గారూ, మైలుకి ఎంత తింటుంది ఈ బండి?

---

అగస్టా కోడలు · మధ్యాహ్నం 1:40

చదును దారిలో, ఇద్దరు మనుషులతో, 14 మైళ్ళ వేగానికి మా బండి 55 ఆంపియర్ల దాకా లాగుతుంది. 48తో గుణిస్తే 2,640 వాట్లు. 14తో భాగిస్తే మైలుకి 190 వాట్ అవర్లు. ఎత్తుపల్లాలకి కలిపి 200 అనుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డబ్బా మీద రాసే 170 ఆంపియర్ అవర్లు 20 గంటల మీద నిదానంగా వాడితే వచ్చేది. ఐదు గంటల్లో లాగేస్తే అదే టీ-875 ఇచ్చేది 145. సీసానికి ఆ గుణం ఉంది, తొందరపెడితే తక్కువిస్తుంది. 145ని 48తో గుణిస్తే దాదాపు 7,000. అందులో సగం 3,500. అంటే 17 మైళ్ళు.

లిథియం 105ది 51.2 వోల్టులు కాబట్టి 5,376. అందులో 80 శాతం 4,300. అంటే 21 మైళ్ళు. దానికి తొందరా నిదానమా పెద్ద తేడా ఉండదు.

మీకు రోజుకి కావలసింది ఏడు మైళ్ళు. రెండూ సరిపోతాయి. దూరం చూసి లిథియం కొనక్కర్లేదు.

---

ఘాట్‌రోడ్డు · బుధవారం ఉదయం 5:30

ఆలస్యంగా చూశానండి. మాది విశాఖ నుంచి అరకు పోయే దారిలో కొండ మీద రిసార్టు. 14 బగ్గీలు నా చేతికింద ఉన్నాయి. పోయినేడాది ఆరింటికి లిథియం మార్చాం, ఎనిమిది ఇంకా నీళ్ళవే. కాబట్టి నాది రెండు పడవల మీద కాలు.

రాజు గారు చెప్పనిది ఒకటుందండి. మీ ప్రెసెడెంట్‌కి పల్లంలో మోటారే బ్రేకు వేస్తుంది కదా, అప్పుడు కరెంటు వెనక్కి బ్యాటరీలోకి పోతాది. రాత్రంతా చార్జి అయి నిండుగా ఉన్న బండి పొద్దున్నే కొండ దిగితే ఏటవుద్ది? పోడానికి చోటు లేదు. వోల్టేజీ పెరిగిపోయి, లోపలున్న బీఎంఎస్ అనే కాపలా బోర్డు లైను తెంచేసింది. తెంచగానే మోటారు పట్టు వదిలేసింది. మా డ్రైవరు కాలి బ్రేకు మీద నిలబడి దించాడు. గెస్టులకి తెలీలేదు గానీ నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఇప్పుడు పైన ఉండే బళ్ళకి 90 శాతం దగ్గరే చార్జి ఆపేస్తాం.

నీళ్ళ బ్యాటరీకి ఈ గొడవ ఇంత తీవ్రంగా ఉండదు. అదనంగా వచ్చింది కాస్త బుడగలుగా పోతాది, లైను మాత్రం తెగదు.

---

లిథియం రాజు · ఉదయం 8:15

ఒప్పుకుంట. ఫ్రిస్కోల కొండ లేదు కాబట్టి నాకు తెలవలే. ఇంకొకటి కూడా నేనే చెప్త, నిజాయితీగా. నేను మొదట పెట్టిన డబ్బా వేరే, అది 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు చార్జింగే తీసుకోలే. సున్నా డిగ్రీల కింద ఈ లిథియాన్ని చార్జి చేయరాదు, చేస్తే లోపల లోహం పేరుకుపోతది. బీఎంఎస్ మంచిదే కాబట్టి ఆపేసింది. బండి నడిచింది గానీ నింపుకోరాలే. తర్వాత తీసుకున్నదాంట్లో హీటరు ఉంది.

---

కొత్తగా చేరా · ఉదయం 8:33

గేరేజీ ఇంటికి అంటుకునే ఉంటుంది కదా. లిథియం అంటే మంటలు భయం లేదా?

---

అగస్టా కోడలు · ఉదయం 9:05

లిథియం అన్నీ ఒకటి కావు. కార్టులకి అమ్మే మంచివి ఐరన్ ఫాస్ఫేట్‌వి. ఫోనుల్లో ఉండే కోబాల్ట్ రకం, చాలా ఎలక్ట్రిక్ కార్లలో ఉండే నికెల్ రకం కంటే ఇది వేడికి బాగా తట్టుకుంటుంది. కొనేటప్పుడు యూఎల్ 2271 అనే భద్రతా ప్రమాణం ముద్ర ఉందో లేదో చూడండి. పాత నిస్సాన్ లీఫ్ కారు ముక్కలు తెచ్చి ఇంట్లో అతికించే వీడియోలు చూసి మోసపోకండి, పడుకునే గది గోడకి అవతల ఆ ప్రయోగాలు వద్దు.

సీసం కూడా సాధువేమీ కాదు. చార్జింగులో హైడ్రోజన్ వదులుతుంది, గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. చార్జింగు పెట్టినప్పుడు గేరేజీ తలుపు కింద జానెడు తెరిచి ఉంచండి.

---

కెడ్రాన్ గట్టు · గురువారం రాత్రి 9:10

హైడ్రోమీటరు వచ్చింది. 24 సెల్లులూ చూశాను. ఒకటి, రెండు, ఐదు, ఆరు బ్యాటరీల్లో 1.240 నుంచి 1.255. మూడోదాంట్లో 1.205 దగ్గర. నాలుగోదాంట్లో మూడు సెల్లులు 1.190, రెండో సెల్లు 1.120. ఆ సెల్లులోంచి పీల్చింది నల్లగా, కాఫీ మడ్డిలా ఉంది.

---

హైడ్రోమీటర్ తాతయ్య · రాత్రి 9:18

నల్లగా వచ్చిందంటే ప్లేటు మీది మందు రాలిపోయింది. దాని తద్దినం పెట్టేయండి. నిండినదానికి 1.265 మీద, 1.280 దాకా రావాలి. మిగతా నాలుగూ కూడా వృద్ధాప్యంలో ఉన్నాయి. సెట్టు మొత్తం మార్చాల్సిందే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి వద్దాం, ఏది కొనాలని. అమ్మాయి ఇంకా ఎన్నేళ్ళు బడికి పోతుంది?

---

కెడ్రాన్ గట్టు · రాత్రి 9:30

ఇప్పుడు పదకొండో తరగతి. వచ్చే ఏడాది మే నెలకి అయిపోతుంది. తర్వాత మేమిద్దరం శని, ఆదివారాలు చెరువు చుట్టూ తిరగడమే.

---

ఘాట్‌రోడ్డు · శుక్రవారం ఉదయం 5:10

అయితే చూడండి. లిథియానికి మీరు పెట్టే ఆ అదనపు వెయ్యి రాబట్టాలంటే బండి రోజూ తిరగాలి. మా దగ్గర బగ్గీ రోజుకి రెండుసార్లు నిండి ఖాళీ అవుద్ది, అందుకే మాకు గిట్టుబాటు. నీళ్ళు పోసే కుర్రాడి జీతం కూడా మిగిలింది. మీకు ఇంకో ఏడాదిన్నర, ఆ తర్వాత బండి ముప్పాతిక భాగం నిలబడే ఉంటాది.

---

లిథియం రాజు · ఉదయం 7:55

నిలబడే బండికే లిథియం మంచిది అన్నా! సీసం నిలబడితే దానంతటదే దిగజారుతది, దిగజారి పడి ఉంటే ప్లేట్ల మీద గట్టి పెచ్చు కడుతది. లిథియం సగం నింపి వదిలేస్తే నెలల తరబడి అట్లనే ఉంటది.

---

అగస్టా కోడలు · ఉదయం 9:40

రాజు గారన్నది నిజం. నెలకోసారైనా ప్లగ్గు పెట్టడం గుర్తుండని మనిషికి లిథియమే మేలు.

కానీ ఈ బండి సంగతి కూడా చూడాలి. 2009 ప్రెసెడెంట్‌లో ఓబీసీ అని చిన్న కంప్యూటరు డబ్బా ఉంటుంది, చార్జరుని నడిపేది అదే. లిథియం పెడితే దాన్ని తప్పించి తీగలు వేరేగా కలపాలి, లిథియానికి తగ్గ చార్జరు పెట్టాలి. పాత చార్జరుతో నింపితే కుదరదు. డాష్‌బోర్డులో బ్యాటరీ సూచీ కూడా వోల్టేజీ చూసి చెప్పేది. లిథియం వోల్టేజీ చివరిదాకా బల్లపరుపుగా ఉండి ఒక్కసారిగా జారుతుంది. సూచీ నిండుగా చూపిస్తూనే ఉంటుంది, మీ అమ్మాయి వంతెన మీద ఆగిపోతుంది. లోపలికీ బయటికీ పోయే ఆంపియర్లు లెక్కపెట్టే మీటరు వేరే కొనాలి.

ఇంకోటి, ఎత్తు ఎక్కేటప్పుడు ఈ బండి రెండు వందల ఆంపియర్లు సునాయాసంగా అడుగుతుంది. చవక డబ్బాల్లో బీఎంఎస్ 100 దగ్గరే తెంచేస్తుంది. షాపువాడిని అడగాల్సింది ఆంపియర్ అవర్లు ఎన్నని మాత్రమే కాదు, ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది, పది సెకన్లపాటు ఎన్ని ఇస్తుంది అని.

---

కొత్తగా చేరా · ఉదయం 10:02

నీళ్ళు పోయక్కర్లేని సీసం బ్యాటరీలు, ఏజీఎం అంటారే, అవి?

---

హైడ్రోమీటర్ తాతయ్య · ఉదయం 10:20

బాగానే ఉంటాయి, ఖరీదు ఎక్కువ. ఎక్కువ చార్జి ఇస్తే లోపలి తడి ఆవిరైపోతుంది, మూత తీసి పోయడానికి ఉండదు. నీళ్ళదైతే మన తప్పుని ఒక గ్లాసు నీళ్ళతో దిద్దుకోవచ్చు.

---

కెడ్రాన్ గట్టు · ఆదివారం సాయంత్రం 6:45

నిర్ణయం అయింది. నీళ్ళవే తీసుకున్నాను, 8 వోల్టులవి ఆరు. బండి మొత్తం అమ్మితే మూడు వేలు కూడా రాదు. దానికి రెండు వేల పైచిలుకు బ్యాటరీ, మళ్ళీ మీటరు, తీగల పని అంటే గుర్రం కంటే జీను ఖరీదు. రాజు గారు కోప్పడొద్దు.

షాపుకి వెళ్ళినప్పుడు ఆరింటి మీదా తేదీ అక్షరాలు చూశాను. నాలుగు ఒక నెలవి, రెండు అంతకు ఏడు నెలల ముందువి. అన్నీ ఒకే నెలవి కావాలన్నాను. ఆ కుర్రాడు నన్ను ఒకసారి ఎగాదిగా చూసి లోపల్నుంచి తెచ్చాడు. పాతవి ఇచ్చేశాను, డిపాజిట్టు మినహాయించాడు.

బిగించింది నేనే, బిగింపు డబ్బులు మిగిలాయి. విప్పే ముందు తీగల ఫొటోలు తీసుకున్నాను, స్విచ్చి టో (బండికి కరెంటు ఆపే వైపు) మీద పెట్టాను, ఉంగరం తీసి మా ఆవిడకిచ్చి రసీదు అడిగాను. తొట్లో తెల్లటి పొడిని వంట సోడా నీళ్ళతో కడిగాను. ఒక తీగ కొసన బిగించే లగ్గు లోపల పచ్చగా తుప్పు పట్టి ఉంది, అన్ని తీగలూ కొత్తవి వేసేశాను. లైటు పట్టీకి రెడ్యూసరు పెట్టాను. ఎర్ర తీగ పీకి అమ్మాయి బల్ల మీద పెట్టాను.

---

లిథియం రాజు · సాయంత్రం 7:10

కోపం లేదన్నా. ఐదేండ్ల తర్వాత మళ్ళీ ఇదే చర్చ తెరుస్తవ్, అప్పుడు చెప్త.

---

హైడ్రోమీటర్ తాతయ్య · సాయంత్రం 7:22

మంచి పని చేశారు. కొత్తవాటికి మొదట్లో పూర్తి శక్తి రాదు, కొన్ని డజన్ల సార్లు నింపి వాడితేగాని ప్లేట్లు మేలుకోవు. ఈ రెండు నెలలు దూరాలు పోకండి. ఎంత తక్కువ తిరిగినా రాత్రి చార్జి పెట్టేయండి, సగంలో వదలొద్దు. నెలకోసారి నీళ్ళు చూడండి, ఎండాకాలం రెండుసార్లు. నెల తిరిగాక 24 సెల్లుల గ్రావిటీ ఇక్కడ రాయండి.

---

ఆటోనగర్ చిన్నా · సోమవారం ఉదయం 6:40

తాతయ్య గారూ, ఆ హైడ్రోమీటరు ఒకటి కొట్లో పెట్టాను. నిన్న ముగ్గురు రిక్షావాళ్ళ హారన్ తీగలు పీకించాను. ఒకడు మాత్రం పాటలు లేకపోతే బండి నడవదన్నాడు.

---

కెడ్రాన్ గట్టు · ఐదు వారాల తర్వాత, శనివారం ఉదయం 8:15

తాతయ్య గారూ, చూశాను. నేను కాదు, అమ్మాయి చూసింది. ఆ ఎర్ర తీగకి శిక్షగా నెలనెలా నీళ్ళ పని దానిదే. 23 సెల్లులు 1.270 నుంచి 1.280. మూడో బ్యాటరీ రెండో సెల్లు మాత్రం 1.260.

---

హైడ్రోమీటర్ తాతయ్య · ఉదయం 8:31

చార్జి అయ్యాక ఎంతసేపటికి చూసింది? ఆ సెల్లులో నీళ్ళు అంతకుముందే పోశారా?

---

కెడ్రాన్ గట్టు · ఉదయం 8:50

అడిగాను. ఆ ఒక్కదాంట్లో నీళ్ళు పోసిన వెంటనే చూసిందట.

---

హైడ్రోమీటర్ తాతయ్య · ఉదయం 8:53

పైనున్నది నీళ్ళే, ఇంకా కలవలేదు. ఒకసారి చార్జి పెట్టి రేపు మళ్ళీ చూడమనండి.